తాటియాకునుండి కాకితమునకు

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ వార్షికసభలో కాకితపు చరిత్రనుగూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని మన కార్యదర్శిగారు పంపిన జాబు మాకు చేరినప్పుడు మేము కొంచెము నవ్వుకొంటిమి. ఏలయన, ఆ జాబు కాకితముమీద రాలేదు. మా మనుమరాలి సెల్‌ఫోనులో వచ్చినది. ఆమె చదివి వినిపించినది. ముప్పదియేండ్లకు పైబడి పిల్లల పరీక్షకాకితములు దిద్ది కన్నులు మసకబారిన యుపాధ్యాయునికి కాకితమునుగూర్చి చెప్పుమన్న యాజ్ఞ కాకితము లేకయే వచ్చుట కాలమహిమ. అయినను పెద్దల యాజ్ఞ గనుక శిరసావహించితిమి.

మనము శిష్టకరణములము. వ్రాయుట మన కులవృత్తి. టెక్కలి, పలాస, మందస, సోంపేట ప్రాంతములలో ఏ గ్రామమునకు పోయినను కరణముగారి యిల్లెక్కడ అని యడిగిన చూపలేని పిల్లవాడు మా చిన్ననాట లేడు. గ్రామములో ఎవరి భూమి యెంత, ఎవరి శిస్తు ఎంత, ఎవరి గట్టు ఎక్కడ అను విషయము రెండుచోట్ల మాత్రమే యుండెడిది: కరణముగారి తలలో ఒకటి, కరణముగారి కట్టలో ఒకటి. 1984వ సంవత్సరము జనవరిలో ప్రభుత్వమువారు మునసబు కరణముల పదవులను రద్దుచేసినప్పుడు ఆ కట్టలు సర్కారువారికి అప్పగింపబడినవి. మా తండ్రిగారు లెక్కలన్నియు అప్పగించి, రసీదు పుచ్చుకొని, ఇంటికి వచ్చి, ఆ రాత్రి భోజనము చేయలేదు. నాటికి మాకు ఇరువదిమూడేండ్లు. ఆ రసీదు ఇప్పటికిని మాయొద్ద నున్నది. తమ స్వంత చిట్టాలు, పాత దస్తావేజులు, తాటియాకుల కట్టలు మాత్రము వారు అటకమీద నుంచిరి. ఆ యటకనుగూర్చి ముందు చెప్పవలసియున్నది.

మేము సంస్కృతము చదువుకొన్నవారము గావున ముందుగా మాటలను పట్టుకొందుము, ఓపికతో వినుడు. పుస్తకమునకు సంబంధించిన మన మాటలలో ముఖ్యమైనవి కాకితమునుజూచి పుట్టినవి కావు. పత్రమనగా ఆకు. పత్రిక యామె బిడ్డ. గ్రంథమనగా ముడివేయబడినది, ఆకులకు రంధ్రము చేసి, త్రాడు దూర్చి కట్టుటచే ఆ పేరు వచ్చినది. లేఖ, లేఖనము, లేఖకుడు అను పదములకు మూలమైన లిఖధాతువునకు గీరుట యనియే మొదటి యర్థము. లిపిశబ్దమును మన వైయాకరణులు పూయుట యను నర్థముగల లిపధాతువుతో ముడివేయుదురు. పారసీకుల శాసనములలోని దిపి యను మాటయే ఇటు వచ్చి లిపియైనదని మరికొందరు పండితులందురు. కాకితమను మాట యొక్కటి మాత్రము నిస్సంశయముగా పరదేశమునుండి వచ్చినది. పారసీకమున కాగజ్, మరాఠీలో కాగద్, మన నోట కాగితము, కాకితము. ఒకానొక విద్యార్థి పరీక్షలో దీనిని కాకిశబ్దమునుండి సాధించినాడు. తన కాకితముపై సిరామరకలు చూచి యట్లు తలచెనేమో! సున్న వేయుటకు మనసొప్పక అరమార్కు వేసితిమి.

ఇక ఆకునుగూర్చి. ఉద్యానమే ఉద్దానమైనదని పెద్దలందురు. కొబ్బరి, పనస, జీడిమామిడి తోటలతోపాటు ఇసుకనేలలో తాటిచెట్టు మనకెన్నడును కొరత కాలేదు. మరీ లేతయు మరీ ముదురును గాని ఆకు కోసి, ఈనె తీసి, నీట నుడికించి, పసుపు పట్టించి, నీడను ఆరబెట్టి, నున్ననిరాతితో రుద్ది, సమముగా కత్తిరించిన వ్రాతకు సిద్ధమగును. ఎడమచేత ఆకును పట్టి, ఎడమ బొటనవ్రేలి గోటిని ఆనుచేసికొని, కుడిచేతి గంటముతో గీరుదురు. అప్పటికి అక్షరములు సరిగా కనబడవు. మసిని ఆకుపసరుతోగాని నూనెతోగాని కలిపి పైన రుద్ది తుడిచినప్పుడు గీతలలో మసి నిలిచి అక్షరము పైకి తేలును. మా తాతగారు ఆ పని చేయుచుండగా మేము ప్రక్కన కూర్చుండి చూచెడివారము. ఏమియు లేని యాకుపై ఒక్కసారిగా పంక్తులు నల్లగా లేచుట మాకు గారడివలె నుండెడిది.

ఆకునందలి నారలు పంక్తి నడచు దిక్కుననే నడచును. ఆ దిక్కున తిన్నని గీతను గట్టిగా గీచినచో ఆకు చీలును. అందుచేతనే తెలుగక్షరములు గుండ్రములైనవనియు, మన యిరుగుపొరుగు ఒడియా సోదరుల యక్షరములు గొడుగులు పట్టుకొన్నట్లు వంపుతిరిగినవనియు, ఉత్తరదేశమున భూర్జపత్రముమీదను తరువాత కాకితముమీదను కలముతో వ్రాసినవారి నాగరి తలగీతతో నిలిచినదనియు పలువురు పండితులు చెప్పుదురు. పలాసలోను ఇచ్ఛాపురములోను అంగళ్లపై రెండు లిపులను ప్రక్కప్రక్కన చూచినవారికి ఈ మాట పొసగియే తోచును. మన తీరపు చెట్టు మన యక్షరమును వంచినది.

కళింగనగరమునుండి పాలించిన తూర్పుగంగరాజుల తామ్రశాసనములను మీలో కొందరు చూచియుందురు. పొడవై ఇరుకైన రేకులు, ఒకవైపు రంధ్రము, అందులో కడియము, కడియముపై ముద్ర. రాగికి ఆ రూపము అవసరము లేదు. రాగిని వెడల్పుగా సాగగొట్టవచ్చును, రంధ్రముతోను పనిలేదు. ఆకుల కట్టను చూచి రాగి ఆ రూపము దాల్చినది. నిత్యపు లెక్కలకు మన పూర్వులు కడితము వాడెడివారు. చింతగింజల గంజియు బొగ్గును పట్టించి నల్లగా చేసిన గుడ్డయే కడితము. దానిపై బలపముతో వ్రాసి, తుడిచి, మరల వ్రాయవచ్చును. తుడువ వీలైనది గనుకనే కరణములకు ప్రీతియని యెవరైన ననినచో మేము కోపగింపము. సుమతీశతకకారుడు కరణములనుగూర్చి చెప్పిన పద్యములను బడిలో పిల్లలచేత వల్లెవేయించినవారము మేమే గదా! అంతకు పూర్వమే యాజ్ఞవల్క్యస్మృతి, మోసగాండ్రనుండియు దొంగలనుండియు ప్రజలను కాపాడవలెనని రాజునకు చెప్పుచు, కాయస్థులనుండి విశేషముగా కాపాడుమన్నది. కాయస్థుడనగా లేఖకుడే. శాస్త్రము మనలను మరువలేదు!

కాకితము పుట్టిన చోటు చీనా. క్రీ. శ. 105లో త్సాయ్ లున్ అను రాజోద్యోగి చెట్టుబెరడు, జనుము, చినిగిన గుడ్డలు, పాత చేపలవలలు కూర్చి కాకితము చేసి చక్రవర్తికి సమర్పించినట్లు ఆ దేశపు చరిత్రలో నున్నది. అంతకుముందే మోటుకాకితము అచ్చట నుండెనని త్రవ్వకములవలన తేలినది. పద్ధతిని స్థిరపరచిన కీర్తి మాత్రము ఆయనదే. పాత చేపలవలలు అను మాట చదివినప్పుడెల్ల మాకు బారువ, భావనపాడు తీరములలో పనికిరాక ఇసుకలో పడియున్న వలలు కన్నులకు కట్టును. పద్ధతి సులభమైనదే. నారను నానబెట్టి, దంచి, విస్తారమైన నీటిలో కలిపి, సన్నని తడికెతో ఎత్తినచో నీరు కారిపోయి నారపోగులు పలుచని పొరయై నిలుచును. నొక్కి ఆరబెట్టిన ఆ పొరయే కాకితము. ఆకు నొక్కొక్కటిగా చెట్టు నడుగవలెను. ఇది చింకిగుడ్డనుండి వచ్చును. ఈ భేదమును మనస్సునందుంచుకొనుడు.

751లో తలాసు నదియొద్ద అరబ్బులకును చీనావారికిని యుద్ధము జరిగిన పిమ్మట ఈ విద్య సమర్కందమునకు చేరినదని ప్రసిద్ధి. అచ్చటినుండి బాగ్దాదు, ఈజిప్టు. 12వ శతాబ్దమునకు స్పెయిను, 13వ శతాబ్దమున ఇటలీ. మన దేశమున గుజరాతులోని జైనుల భాండారములు కాకితమును ముందుగా ఆదరించినవి. 15వ శతాబ్దమున జైనులాబిదీను కాశ్మీరములో ఈ పరిశ్రమను పెంచినాడు. తెలంగాణములో కోరుట్ల చేతికాకితము పేరొందినది. ఊరిలెక్కల పుస్తకములు దానితో కుట్టెడివారు. మిల్లులు చాల తరువాతి మాట. 1924లో రాజమహేంద్రవరమున మిల్లు స్థాపింపబడినది. సిరిపూరు మిల్లు 1942లో కాకితము తీయ నారంభింపగా అక్కడి కొత్తపేట యను పల్లె కాగజ్‌నగరమైనది. మనకు సమీపమున నాగావళి యొడ్డున, రాయగడయొద్ద జేకేపురములో 1962లో మిల్లు వచ్చినది. ఆ కొండల వెదురు, మన కళింగాంధ్రతీరపు సరుగుడుకర్ర మిల్లులలో గుజ్జై, కాకితమై, మన పిల్లల నోటుపుస్తకములుగా తిరిగి వచ్చుచున్నవి.

ఇంత చరిత్రగల వస్తువు మన యుద్దానమున ఇంత ఆలస్యముగా ఏల కాలుపెట్టినది? పెరటిలో ఉచితముగా దొరకు ఆకునుండగా సొమ్ముపెట్టి కాకితము కొనువాడెవడు? అది యొక కారణము. రెండవది మన గర్వము. గంటముపట్టుట యేండ్లతరబడి నేర్వవలసిన పని. నేర్చినవాడు నేర్వనివానికి కావలసినవాడై యుండును. కలమును ఎవరైనను పట్టవచ్చును. మా తాతగారు కాకితముపై వ్రాసిన శ్రాద్ధమంత్రములను చూచి చదువనిచ్చెడివారు కారు. అది గంజి పూసినది గనుక ఎంగిలితో సమానమని వారి వాదము. అదే గంజిపూసిన కడితముపై జీవితమంతయు లెక్కలు వ్రాసిరి! మేము బాల్యమున ఈ ప్రశ్న వేసి చెంపదెబ్బ తింటిమి.

కాకితము లేనిదే అచ్చు లేదు. తాటియాకును అచ్చుయంత్రములో పెట్టలేము. తెలుగుమాటలు మొదట అచ్చుపడినది మన దేశమున కాదు. 1746–47లో జర్మనీలోని హాలే పట్టణమున బెంజమిన్ షుల్జ్ అను మతప్రచారకుడు అచ్చొత్తించినాడు. పిమ్మట చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర పండితులకు జీతములిచ్చి, ఊరూర తాటియాకుప్రతులు సేకరించి, వానిని సరిచూపించి, కాకితముపై శుద్ధప్రతులు వ్రాయించినాడు. 1829లో వేమనపద్యములను ప్రకటించినాడు. 1852 ప్రాంతమున నిఘంటువులను వెలువరించినాడు. కాకితము చేసిన మేలు ఇక్కడ కనబడును. ఆకుపై అంచున చోటు చాలదు. కాకితముపై ఈ ప్రతి పాఠము, ఆ ప్రతి పాఠము ప్రక్కప్రక్కన వ్రాసి, ఏది సాధువో తేల్చుకొనవచ్చును. శాస్త్రచర్చకు అంచు కావలెను.

మన జిల్లా బిడ్డడైన గిడుగు వేంకటరామమూర్తిపంతులుగారు ముఖలింగమునకు సమీపమున పర్వతాలపేటలో 1863లో జన్మించిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, లిపియే లేని సవరభాషను నేర్చి, సవరపిల్లలకు వాచకములు వ్రాసి, 1931లో సవరవ్యాకరణమును, 1938లో సవర–ఆంగ్ల నిఘంటువును ప్రకటించిరి. మహేంద్రగిరి ప్రక్కల కొండలలో నున్న సవరలకు గంటము పట్టిన గురువు వేల యేండ్లలో ఒక్కడు కూడ వెళ్లలేదు. కాకితము పట్టిన గురువు వెళ్లినాడు. వాడుకభాషలో వ్రాయుడని ఆంధ్రదేశమంతట చాటిన మహనీయుని జిల్లాలో నిలిచి మేమింకను గ్రాంథికములో ప్రసంగించుచున్నందుకు వారి యాత్మ మన్నించునుగాక. ఇది మా చదువు చేసిన యలవాటు. ఈ వయస్సున మారదు.

కాకితము విడదీయుటయు నేర్చినది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సారాష్ట్రము ఏర్పడినప్పుడు పటముపై నొక గీత గీయబడినది. పర్లాకిమిడి ఆవలకు పోయినది. టెక్కలి, పలాస ప్రాంతములు ఈవల మిగిలి విశాఖపట్టణము జిల్లాలో కలిసినవి. శ్రీకాకుళముజిల్లా 1950 ఆగస్టు 15న పుట్టినది. రామమూర్తిపంతులుగారు ఆ గీతకొప్పక పర్లాకిమిడి విడిచి రాజమహేంద్రవరము చేరిరి. మన కులములో గీతకు ఆవల పెదతండ్రి బిడ్డలు, ఈవల చినతండ్రి బిడ్డలు గల కుటుంబములెన్ని లేవు!

రైతుకు మాత్రము కాకితము మేలే చేసినది. 1948నాటి ఎస్టేటుల రద్దు చట్టము వచ్చువరకు మందస, టెక్కలి జమీనులలో రైతు హక్కు జమీందారుల లెక్కలలోను మన కట్టలలోను దాగియుండెడిది. ఆ చట్టము పిమ్మట జరిగిన సెటిల్మెంటులో రైతు చేతికి పట్టా వచ్చినది. మా చిన్ననాట ఒక ముదుసలి రైతు తన పట్టాను వెదురుగొట్టములో చుట్టి, చూరున దోపుకొని, అక్షరము రాకున్నను పండుగనాడు తీసి కన్నులకద్దుకొనుట చూచితిమి. దానిలో ఏమున్నదో చదివి చెప్పుమని మా తండ్రిగారివద్దకే వచ్చెడివాడు. పట్టా వచ్చినను చదువు రాలేదు గనుక కరణముగారి గుమ్మము తప్పలేదు.

ఇక మా యటక మాట. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను మన తీరమున దాటినది. ఉద్దానపు కొబ్బరియు జీడియు ఎట్లు కూలినవో ఈ సభలోనివారికి చెప్పవలసిన పనిలేదు. మా పెంకుటింటి కప్పు ఒకవైపు లేచిపోయి అటక యంతయు తడిసినది. గాలి తగ్గిన రెండవనాడు కట్టలన్నియు దింపి వసారాలో పరచితిమి. అప్పుడు చూచినది చెప్పెదము.

తాటియాకులలో నీరు నిలిచినను అక్షరము పోలేదు. మసి కొంత కడిగినట్లైనది గాని గీత గీతగానే యున్నది. మా తాతగారి కాలపు దస్తావేజులు కరక్కాయయు అన్నభేదియు కలిపి కాచిన సిరాతో వ్రాసినవి; ఆ సిరాలోని యినుము నారలోనికి ఇంకిపోవును గనుక అవియు నిలిచినవి. మేము ఫౌంటెన్‌పెన్నుతో నీలిసిరాతో వ్రాసికొన్న నోటుపుస్తకములు మాత్రము, రఘువంశముపై ఇరువదియేండ్లపాటు వ్రాసికొన్న మా టిప్పణముతో సహా, నీలినీరై కారిపోయినవి. మా ధర్మపత్ని ఆ నీటిని చూచి, 'పోనీలెండి, మీరైనా మళ్లీ చదవని పుస్తకాలే కదా' అనినది. ఆ మాట నిజమగుటచే మరింత నొప్పించినది.

నిలిచిన దస్తావేజులలో నొకటి 1938నాటి స్వాధీనతనఖా. ఒక రైతు నూటయిరువది రూపాయలకు అరువది సెంట్ల మెట్టను మా తాతగారికి తనఖా పెట్టినాడు. వెనుకవైపు 1943లో మా తాతగారి దస్తూరితో, అసలు సాకల్యముగా ముట్టినది, చెల్లు, అని యున్నది. అప్పు తీరినప్పుడు దస్తావేజును చింపియైన చింపవలెను, తిరిగియైన ఈయవలెను. చింపలేదు, ఈయలేదు. భూమియు ఈయలేదు. మా యప్పగారి వివాహమునకు 1972లో మా తండ్రిగారు అమ్మినది ఆ భూమినే. మా తండ్రిగారికి ఈ సంగతి తెలియునో తెలియదో మేమెరుగము. మా తాతగారు మరచిరో, మరచినట్లుండిరో, అదియు నెరుగము. ఆ కుటుంబములో నాడు చదువు వచ్చినవారు లేరు. అడుగవచ్చినవానికి కట్ట విప్పి చూచి చెప్పెదనన్న యుత్తరము వచ్చియుండును; ఆ యుత్తరము మా బాల్యమున మా యింటి యరుగుపై మేమెన్నిసార్లు వినలేదు!

మూడు నెలలు ఆ కాకితము మా బల్లసొరుగులో నున్నది. మా బంధువులలో కొందరు కాల్చివేయుమనిరి. తుదకు మేము దానిని తీసికొని ఆ రైతు మనుమని యింటికి పోతిమి. ఆయనకు ఏబదియేండ్లుండును. భార్యకు మూత్రపిండములు చెడి డయాలసిస్ జరుగుచున్నది. వాకిట చాపమీద ఆసుపత్రికాకితములన్నియు ప్లాస్టిక్‌సంచిలోనుండి తీసి వరుసగా పేర్చుకొనుచున్నాడు. మేము దస్తావేజు చదివి, వెనుకనున్న చెల్లువడియు చదివి, సంగతి చెప్పితిమి. ఆయన చాలసేపు మాటాడలేదు. పిమ్మట, 'ఇప్పుడీ కాయితం నానేటి సేసుకుంతాను, మేస్టారూ? మా తాత ఉన్నప్పుడు ఇచ్చుంటే...' అని ఆగిపోయినాడు. మరల, 'మా ఇంటిదాని పింఛనుకి అర్జీ ఎట్టాల. మీరు రాతగాళ్లు. అది రాసెట్టండి, సాలు' అన్నాడు. అచ్చటనే కూర్చుండి అర్జీ వ్రాసితిమి. మా దస్తావేజును ఆయన నాలుగు మడతలుచేసి ఆ ఆసుపత్రికాకితముల సంచిలోనే పెట్టుకొన్నాడు. ఆ భూమి నేటి వెల మా పింఛనుకు అందునది కాదు. చేతనైన మొత్తమును ఇవ్వబోగా పుచ్చుకొనలేదు. తరువాత మా ధర్మపత్ని పోయి ఆ యిల్లాలిచేత పెట్టి వచ్చినది. ఎంతయో చెప్పుట బాగుండదు.

మా తాతగారిని నలుగురిలో తక్కువచేయుటకు ఇది చెప్పలేదు. ఈ సభలో కూర్చున్నవారి యటకలమీదను కట్టలున్నవి. వానిలో ఏమున్నదో మనకే తెలియదు. కొన్నిటిలో కావ్యములుండవచ్చును, వైద్యగ్రంథములుండవచ్చును. కొన్నిటిలో ఇట్టి చెల్లువడులుండవచ్చును. చదివి చూడక కాల్చువారు రెంటిని కాల్చుదురు.

మరియొక కారణము కలదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురము మండలములలో మూత్రపిండవ్యాధి ఎన్ని యిండ్లను కూల్చినదో మీరెరుగుదురు. ఇది 1990ల తరువాతనే వైద్యుల దృష్టికి విశేషముగా వచ్చినది. నీరా, నేలయా, మందులా, యెండలో చెమటోడ్చుటయా అని పరిశోధించుచున్నారు గాని కారణమింకను నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధనకేంద్రమును 200 పడకల ఆసుపత్రియు ప్రారంభమైనవి. ఈ వ్యాధి క్రొత్తగా వచ్చినదా, పూర్వమునుండి యుండి పేరు లేక చంపినదా అను ప్రశ్నకు ఉత్తరము పాత వ్రాతలలో వెదుకవలసినదే. కరణములు ఏటేట వ్రాసిన అడంగలులో ఏ పొలములో ఏ పైరు, ఏ నీటి యాధారము అన్నది యుండెడిది. సర్కారు ప్రతులు కచేరికి పోయినను, మన పెద్దలు స్వంతముగా వ్రాసికొన్న చిట్టాలలో ఏ యేట ఏ బావి త్రవ్విరి, ఎన్ని మూరలకు నీరు పడినది, ఎవరు కాళ్లు వాచి చనిపోయిరి అను సంగతులు కలవు. మా తండ్రిగారి చిట్టాలోనే 1966నుండి 1979వరకు మా యూరి బావులనుగూర్చి పదునొకండు చోట్ల వ్రాసియున్నది. ఇది రోగమునకు మందు చెప్పునని మేమనము. ఆ దినములలో జనులు ఏ నీరు త్రాగిరో చెప్పును. వైద్యులకు అది పనికివచ్చునో లేదో వైద్యులే చెప్పవలెను. చూపుట మన పని.

ఇక చూచుకొను విధము. తడిసిన కట్టను ఎండలో పెట్టరాదు. నీడను, గాలి తగులుచోట, ఆకునకు ఆకునకు నడుమ పాతగుడ్డ వేసి ఆరబెట్టవలెను. అతుకుకొన్నవానిని బలవంతముగా విడదీయరాదు. తాటియాకులకు నిమ్మగడ్డినూనె పలుచగా పట్టించిన పురుగు చేరదు, ఆకు మెత్తబడును. వసకొమ్ములు గుడ్డలో మూటకట్టి ప్రక్కనుంచుట మన పెద్దల పద్ధతి, అది మంచిదే. కాకితమునకు మాత్రము నూనె తగులరాదు. చినిగినచోట అంగడిలో దొరకు జిగురుటేపు అంటింపరాదు. అది కొన్నియేండ్లకు పసుపురంగు తిరిగి అక్షరమును కూడ పట్టుకొని లేచును. ల్యామినేషను చేయింపరాదు. క్రొత్తకాకితము కదా నిలుచునని నమ్మరాదు. 19వ శతాబ్దపు నడిమికాలము తరువాత మిల్లులలో పటికయు గుగ్గిలమును కలిపి చేసిన కొయ్యగుజ్జుకాకితము తనలోని పులుసుచేత తానే పండి పెళుసై రాలిపోవును. చింకిగుడ్డలతో చేసిన పాత చేతికాకితము దానికంటె చాల ఎక్కువ కాలము బ్రదుకును. మన పెండ్లిశుభలేఖలు మనుమలకాలమునకు పొడియగును. ముత్తాతగారి దస్తావేజు నిలుచును.

ఫోటోలు తీసిన చాలదా అని యువకులడుగుచున్నారు. తీయవలసినదే, ముందదియే చేయవలసినది. 2003లో కేంద్రప్రభుత్వమువారు చేతివ్రాతప్రతులకై ప్రత్యేకముగా ఒక జాతీయ సంస్థను పెట్టి, దేశమంతట తాళపత్రముల పట్టికలు తయారుచేయించి, ఫోటోలు తీయించుచు వచ్చిరి. మదరాసులోని ప్రాచ్యలిఖితభాండారమును, తిరుపతి, విశాఖపట్టణముల విశ్వవిద్యాలయములను కలవు. కాని ఫోటో తీయుటకైనను కట్ట విప్పవలెను, విప్పినదానిని చదువగలవాడుండవలెను. గొలుసుకట్టు వ్రాతను, పాత భిన్నాంకముల గుర్తులను చదువగలవారు మన కులములో ఇంక ఎందరు మిగిలిరో వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. మేమొకరము, ఈ పందిటిలో మరి యిద్దరు పెద్దలు కూర్చున్నారు, వారి పేర్లు చెప్పిన కోపగింతురు.

రేపటి యుదయము ఏడుగంటలకు, పందిటికి తూర్పున, చాపలు పరపించి కూర్చుందుము. కార్యదర్శిగారి యనుమతి పుచ్చుకొంటిమి. కట్టలు తెచ్చువారు త్రాళ్లు విప్పక, గుడ్డలో చుట్టి తెండు. మా మనుమరాలు ఫోటోలు తీయును; ఆమె వెంట మరి యిద్దరు పిల్లలు వచ్చిన మేలు. కావ్యము దొరకిన మీకు చదివి వినిపింతుము. ఎవరిదైన చెల్లువడి దొరకిన, పదిమందిలో పైకి చదువము. ఆ యింటివారిని ప్రక్కకు పిలిచి చూపెదము. ఫలహారము ఎనిమిదిన్నరకు గనుక కొంచెము ముందుగా రండు.